విమాన చోదక వృత్తి: మన పిల్లలకు దారి ఏది?

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా బళ్లారిలో జరిగిన తల్లిదండ్రుల, పూర్వ విద్యార్థుల సభలో ప్రధానోపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)



బళ్లారి ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజులలో మన పెద్దలు ఈ పాఠశాలను నెలకొల్పారు. 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రంలో చేరింది. కార్యాలయాల భాష మారింది గాని, మన ఇళ్లలో తెలుగు మారలేదు. ఈ డెబ్బైఐదు సంవత్సరాలలో ఇక్కడి నుండి ఉపాధ్యాయులు, గుమాస్తాలు, రైల్వే ఉద్యోగులు, వైద్యులు, ఇంజనీర్లు వెళ్లారు. విమానం నడిపినవారు మాత్రం నాకు తెలిసినంతవరకు ఇంకా లేరు. నేటి నా ప్రసంగానికి ఆ వృత్తినే ఎంచుకొనడానికి ఒక కారణమున్నది.

ఈ ఉత్సవాలకు ముందు తొమ్మిదవ, పదవ తరగతుల పిల్లలకు చీటీలు పంచి, పెద్దయ్యాక ఏమి కాదలచుకున్నారో వ్రాయమన్నాము. ఒక చీటీలో ఇలా ఉన్నది: "తెలుగు మీడియంలో చదివినవాళ్లు విమానం నడపవచ్చా మేడమ్? ఎంత డబ్బు కావాలి? మా నాన్నకు చెప్పవద్దు." పేరు లేదు. కాని మూడేళ్లుగా దిద్దుతున్న దస్తూరిని గుర్తుపట్టలేని ఉపాధ్యాయురాలు ఉండదు. వ్రాసినది ఒక ఆడపిల్ల. ఆమె అడిగిన ప్రశ్నలు రెండు. వాటికి సమాధానం చెప్పడం నా విధి.

ముందుగా మన ఊరికి సంబంధించిన ఒక సంగతి మనవి చేస్తాను. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుండి ఒంటి ఇంజను పస్ మాత్ విమానంలో ఉత్తరాల సంచులు వేసుకొని, అహమ్మదాబాదులో ఆగి, బొంబాయిలోని జుహూకు చేరుకున్నారు. అక్కడి నుండి ఆయన సహచరుడు నెవిల్ విన్సెంట్ ఆ టపాను మద్రాసుకు తీసుకొని వెళ్లారు. ఆ దారిలో ఆయన దిగిన ఊరు మన బళ్లారి! ఆ చిన్న సంస్థే కాలక్రమాన ఎయిర్ ఇండియా అయింది. 1953లో ప్రభుత్వపరమై, 2022 జనవరిలో తిరిగి టాటాల చేతికి వచ్చింది. దేశ విమానయాన చరిత్రలో మొదటి పుటలోనే పేరున్న ఊరి పిల్లలు, విమానమంటే మనకు అందని వస్తువు అనుకొనడం సబబు కాదు. 2017లో మన జిల్లాలో తోరణగల్లు దగ్గరి విద్యానగర్ నుండి హైదరాబాదుకు విమానం మొదలైన రోజున, మన పిల్లలు మేడలెక్కి ఆకాశం వైపు చూడటం నాకింకా జ్ఞాపకమున్నది.

ఇక ఈ వృత్తికి గిరాకీ ఎంత? 2023లో ఎయిర్ ఇండియా 470 విమానాలకు, ఇండిగో సంస్థ 500 విమానాలకు కొనుగోలు ఒప్పందాలు చేసుకున్నాయి. ఇవి ఒకేసారి రావు, కొన్ని సంవత్సరాల పాటు వస్తూ ఉంటాయి. ఒక్కొక్క విమానానికి ఎంతమంది చోదకులు కావాలో పదవ తరగతి పిల్లలు లెక్క వేయగలరు. దేశంలో తిరిగే జెట్ విమానం రోజుకు 12 గంటలు గాలిలో ఉన్నదనుకుంటే, సంవత్సరానికి 4,380 గంటలు. ముందు గదిలో ఎప్పుడూ ఇద్దరు ఉండాలి కాబట్టి 8,760 గంటల పని. మన నియమాల ప్రకారం ఒక పైలట్ సంవత్సరంలో 1,000 గంటలకు మించి ఎగరకూడదు. అంటే కనీసం తొమ్మిదిమంది. సెలవులు, శిక్షణలు, అనారోగ్యం కలుపుకుంటే పది, పన్నెండుమంది అవసరమవుతారు. రానున్న పదిహేను, ఇరవై సంవత్సరాలలో 30,000 మంది పైలట్లు అవసరమని 2025లో పౌర విమానయాన మంత్రి, శ్రీకాకుళం వాస్తవ్యులు శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు ప్రకటించారు. అప్పటికి దేశంలో పనిలో ఉన్నవారు ఆరేడు వేలమంది అని కూడా ఆయనే చెప్పారు.

2025 డిసెంబరు మొదటి వారంలో దేశమంతటా వేలాది విమానాలు రద్దయి, పెళ్లిళ్లకు, పరీక్షలకు బయలుదేరినవారు విమానాశ్రయాలలో నేలమీద పడుకొనడం మీరందరూ చూశారు. అలసిన పైలట్ ప్రమాదానికి మూలమని, వారపు విశ్రాంతిని 36 గంటల నుండి 48 గంటలకు పెంచుతూ, రాత్రివేళ విమానం దించే సంఖ్యను తగ్గిస్తూ కొత్త నియమాలు వచ్చాయి. వాటికి తగినంతమంది పైలట్లు సిద్ధంగా లేకపోవడమే ఆ ఇబ్బందికి ముఖ్య కారణం.

అయితే తల్లిదండ్రులు ఒక్క క్షణం నిదానించాలి. గిరాకీ ఎక్కువగా ఉన్నది అనుభవం గడించిన కెప్టెన్లకు. లైసెన్సు చేతికి రాగానే ఉద్యోగం వస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ ఎయిర్‌వేస్, 2023లో గో ఫస్ట్ విమానాలు ఆగిపోయాయి. 2020లో కరోనా వల్ల లోకంలోని విమానాలలో అధికభాగం నేలమీదనే నిలిచాయి. అటువంటి ప్రతిసారీ కొత్తగా లైసెన్సు పొందినవారు నెలల తరబడి, కొందరు సంవత్సరాల తరబడి ఎదురుచూశారు. ఈ వృత్తికి పోటు ఉన్నది, ఆటూ ఉన్నది. రెండూ తెలిసి దిగాలి.

ఇప్పుడు ఒక బాధాకరమైన అనుభవం చెబుతాను. అతని అనుమతి తీసుకొనే చెబుతున్నాను, పేరు మాత్రం చెప్పను. చాలా సంవత్సరాల క్రితం మన పాఠశాలలో ఒక అబ్బాయి చదివాడు. లెక్కలలో దిట్ట. నేను అప్పుడు ఆ తరగతికి సాంఘికశాస్త్రం చెప్పేదాన్ని. పటాలలో అడవులకు ఆకుపచ్చ వేయమంటే గోధుమరంగు వేసేవాడు, కొండలకు గోధుమరంగు వేయమంటే ఆకుపచ్చ వేసేవాడు. "ఇంత అశ్రద్ధ ఏమిటి?" అని నేను ఎన్నిసార్లు కోప్పడ్డానో! ఒకసారి పటం చించి మళ్లీ గీయమన్నాను. వాడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడే గాని, ఆ రంగులు తనకు ఒకేలా కనిపిస్తున్నాయని చెప్పలేదు. అందరికీ అలాగే కనిపిస్తాయని అనుకున్నాడు.

పీయూసీ తర్వాత అతడు పైలట్ కావాలనుకున్నాడు. తండ్రి జీన్స్ కుట్టించే చిన్న షెడ్డు నడిపేవారు. నగరంలో ఒక మధ్యవర్తి, విదేశంలో శిక్షణ ఇప్పిస్తాననీ, వైద్యపరీక్ష తర్వాత చూసుకోవచ్చుననీ చెప్పి సగం రుసుము ముందుగానే తీసుకున్నాడు. ఆ తండ్రి కుట్టుమిషన్లు అమ్మారు, ఇల్లు తాకట్టు పెట్టారు. తీరా ప్రయాణానికి ముందు వైద్యపరీక్షలో ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియని దృష్టిలోపం ఉన్నదని తేలింది. ఆ లోపం పుట్టుకతో వచ్చేది, మందుతో పోయేది కాదు. కట్టిన డబ్బు తిరిగి రాలేదు. ఇల్లు విడిపించుకొనడానికి ఆ కుటుంబానికి పదకొండు సంవత్సరాలు పట్టింది. ఆ విద్యార్థి నేడు బెంగుళూరులో విమాన సరుకు రవాణా కార్యాలయంలో మంచి ఉద్యోగంలో ఉన్నాడు. నా మీద అతనికి కోపం లేదు. కాని ఆ పటాల సంగతి నేను ఆనాడే అర్థం చేసుకొని ఉంటే, వందరూపాయల కంటిపరీక్షతో ఆ ఇల్లు నిలిచేది. అందుకే నేటి నా ప్రసంగంలో మీరు ఒక్క మాటే జ్ఞాపకం ఉంచుకోదలిస్తే, అది ఇది: వైద్యపరీక్ష ముందు, రూపాయి తర్వాత.

ఇక క్రమం చెబుతాను. ఈ రంగాన్ని నియంత్రించేది ఢిల్లీలోని డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ సివిల్ ఏవియేషన్. క్లుప్తంగా డీజీసీఏ అంటారు. పదవ తరగతి తర్వాత పీయూసీలో భౌతికశాస్త్రం, గణితం తీసుకొనడం మొదటి మెట్టు. ఆర్ట్స్, కామర్స్ చదివినవారు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఓపెన్ స్కూలింగ్ ద్వారా ఈ రెండు విషయాలలో ఉత్తీర్ణులై ఈ దారికి వచ్చిన సందర్భాలు ఉన్నాయి. నియమం ఎలా ఉన్నా, ఈ రెండింటిలో పునాది లేనివారు ముందుకు సాగడం కష్టం.

రెండవ మెట్టు వైద్యపరీక్ష. డీజీసీఏ ఆమోదించిన వైద్యుల వద్ద ముందుగా రెండవ తరగతి, ఆ తర్వాత మరింత కఠినమైన మొదటి తరగతి పరీక్ష ఉంటాయి. మొదటి తరగతి పరీక్ష జరిగే చోట్లలో బెంగుళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్ ఒకటి. కళ్లద్దాలు ఉన్నంత మాత్రాన భయపడనవసరం లేదు. అద్దాలతో చూపు నిర్ణీత ప్రమాణానికి వస్తే చాలు. చెవి, గుండె, రక్తం, రంగుల గుర్తింపు, అన్నీ చూస్తారు.

మూడవది వ్రాతపరీక్షలు. ఆకాశంలో దారి లెక్కగట్టే శాస్త్రం, వాతావరణ శాస్త్రం, విమానయాన నియమాలు, విమానయంత్ర సాంకేతిక విజ్ఞానం, ఇవి ముఖ్య విషయాలు. నూటికి 70 మార్కులు రావాలి. మన పరీక్షలలో వలె తక్కువ మార్కులతో గట్టెక్కే వీలు లేదు. రేడియోలో మాట్లాడటానికి వేరుగా పరీక్ష ఉన్నది.

నాలుగవది ఎగిరే శిక్షణ. పదహారు సంవత్సరాలు నిండితే విద్యార్థి లైసెన్సు, పద్దెనిమిది నిండితే వాణిజ్య లైసెన్సు పొందవచ్చు. వాణిజ్య లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. అందులో 100 గంటలు విమానం బాధ్యత పూర్తిగా తానే వహించాలి. రాత్రివేళ ఎగరడం, బయట ఏమీ కనబడనప్పుడు పరికరాలను మాత్రమే చూసి నడపడం, దూరప్రయాణం, ఇవన్నీ ఆ గంటలలో భాగమే. ఆ పైన, ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737 వంటి పెద్ద విమానం దేనిని నడపాలో దానికి ప్రత్యేక శిక్షణ పొందాలి. దానిని టైప్ రేటింగ్ అంటారు. అప్పుడు గాని విమాన సంస్థలో ఫస్ట్ ఆఫీసరుగా కుడివైపు ఆసనం దక్కదు. ఎడమవైపు కెప్టెన్ ఆసనానికి 1,500 గంటల అనుభవంతో లభించే ఉన్నత లైసెన్సు, ఆ పైన సంస్థ పెట్టే పరీక్షలు అవసరం.

ఎంత డబ్బు కావాలన్నది చీటీలోని రెండవ ప్రశ్న. దాచకుండా చెబుతాను. వాణిజ్య లైసెన్సు వరకు సుమారు నలభై లక్షల నుండి అరవై, డెబ్బై లక్షల దాకా అవుతుంది. టైప్ రేటింగుకు మరో పదిహేను, ఇరవై లక్షలు. విమాన సంస్థలే నడిపే శిక్షణ పథకాలలో మొత్తం కోటి రూపాయలకు అటూ ఇటూ ఉంటుంది. మనలో చాలామందికి ఇది జీవితకాలపు సంపాదన.

అందుచేత మూడు సూచనలు. మొదటిది, ప్రభుత్వ సంస్థలను ముందు చూడండి. ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో 1985లో స్థాపించిన ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ ప్రవేశపరీక్ష ద్వారా విద్యార్థులను చేర్చుకుంటుంది. అక్కడ రిజర్వేషన్లు ఉన్నాయి. పరీక్షలో ఇంగ్లీషు, గణితం, భౌతికశాస్త్రం, తార్కిక శక్తి, సామాన్య విజ్ఞానం అడుగుతారు. మన రాష్ట్రంలో బెంగుళూరు దగ్గరి జక్కూరులో ప్రభుత్వ శిక్షణ పాఠశాల ఉన్నది. రెండవది, ఏ సంస్థలో చేరినా దానికి డీజీసీఏ ఆమోదం ఉన్నదో లేదో, విమానాలు ఎన్ని ఎగిరే స్థితిలో ఉన్నాయో, 200 గంటలు పూర్తికావడానికి అక్కడి విద్యార్థులకు ఎన్ని నెలలు పట్టిందో స్వయంగా వెళ్లి, చదువుతున్న పిల్లలనే అడగండి. రుసుము మొత్తం ఒకేసారి కట్టకండి. మూడవది, ఉన్న ఒక్క ఇంటిని తాకట్టు పెట్టవద్దు. అప్పు తీసుకుంటే, ఉద్యోగం రెండేళ్లు ఆలస్యమైనా వాయిదా కట్టగలమా అని లెక్క వేసుకొని తీసుకోండి.

రూపాయి ఖర్చు లేకుండా ఎగిరే దారి కూడా ఒకటి ఉన్నది. పీయూసీలో భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, గణితం చదివినవారు నేషనల్ డిఫెన్స్ అకాడమీ పరీక్ష వ్రాసి వైమానిక దళంలో చేరవచ్చు. శిక్షణ వ్యయమంతా ప్రభుత్వానిదే. 2021లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఆ తలుపు ఆడపిల్లలకు కూడా తెరుచుకున్నది. అక్కడ చేరిన మొదటి బృందంలోని 17 మంది యువతులు 2025 మే నెలలో చదువు ముగించారు. విమానం నడపలేకపోయినా ఆ రంగంలోనే ఉండదలచినవారికి విమాన మరమ్మతు ఇంజనీరు, విమానాలకు నేలమీద నుండి దారి చూపే ట్రాఫిక్ కంట్రోలర్ వంటి ఉద్యోగాలున్నాయి. వాటికీ పునాది భౌతికశాస్త్రం, గణితమే.

ఇక మొదటి ప్రశ్న. తెలుగు మాధ్యమంలో చదివినవారు విమానం నడపవచ్చా? నడపవచ్చు. దరఖాస్తులో ఏ మాధ్యమంలో చదివావన్నది అర్హతా కాదు, అనర్హతా కాదు. ఒక ఉదాహరణ చెబుతాను. పైలట్లు జ్ఞాపకం ఉంచుకొనే సూత్రం ఒకటున్నది: అరవై మైళ్లు వెళ్లేసరికి ఒక డిగ్రీ తప్పితే ఒక మైలు పక్కకు పోతాము. బళ్లారి నుండి మద్రాసుకు సుమారు 425 కిలోమీటర్లు. విన్సెంట్ దిక్సూచిలో ఒక్క డిగ్రీ పొరబడి ఉంటే, మద్రాసు చేరేసరికి ఏడు కిలోమీటర్లు పక్కకు పోయేవారు. ఇది మన తొమ్మిదవ తరగతి జ్యామితే. కోణమంటే ఏమిటో తెలుగులో క్షుణ్ణంగా అర్థమైన బిడ్డ, అర్థం కాకుండా ఇంగ్లీషులో వల్లించిన బిడ్డ కంటే ఎంతో ముందున్నట్టు.

కాని ఇంగ్లీషు విషయంలో నేను మిమ్మల్ని మభ్యపెట్టను. పరీక్షలు, పుస్తకాలు, రేడియో సంభాషణ, అన్నీ ఇంగ్లీషులోనే. 1990 జనవరిలో న్యూయార్కు దగ్గర ఒక కొలంబియా దేశపు విమానం ఇంధనం అయిపోయి కూలి, 73 మంది మరణించారు. ఇంధనం తరిగిపోతున్నదని పైలట్లు చెప్పారు గాని, అత్యవసర పరిస్థితి అని తెలిపే నిర్ణీత పదాన్ని పలకలేదు. అటువంటి ప్రమాదాల దరిమిలా అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ భాషా సామర్థ్యాన్ని ఆరు స్థాయిలుగా విభజించి, నాలుగవ స్థాయి తప్పనిసరి చేసింది. 2008 నుండి అది అమలులో ఉన్నది. కోరుతున్నది దొరల యాస కాదు. స్పష్టంగా వినడం, స్పష్టంగా చెప్పడం, అర్థం కాకపోతే సిగ్గుపడకుండా మళ్లీ అడగడం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, సంతలో ఉర్దూ మాట్లాడే బళ్లారి పిల్లలకు నాలుగవ భాష అసాధ్యమా? రోజుకు అరగంట గట్టిగా చదవడం, రేడియోలో ఇంగ్లీషు వార్తలు వినడం ఎనిమిదవ తరగతిలోనే మొదలుపెడితే చాలు.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ప్రత్యేకంగా ఒక మాట. 1947లో వాణిజ్య లైసెన్సు పొందిన ప్రేమ్ మాథుర్‌ను, ఆడమనిషి నడిపే విమానం ఎవరు ఎక్కుతారని సంస్థ తర్వాత సంస్థ తిప్పి పంపింది. చివరకు ఉద్యోగమిచ్చినది హైదరాబాదులోని డక్కన్ ఎయిర్‌వేస్. 1949లో ఆమె జాతీయ విమాన పోటీలో గెలిచారు. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుండి ఉత్తరధ్రువం మీదుగా బెంగుళూరుకు ఎయిర్ ఇండియా విమానాన్ని నలుగురు మహిళలే నడిపి తెచ్చారు. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలోని ఆ నలుగురిలో పాపగారి తన్మయి ఒకరు. నేడు మన దేశపు పైలట్లలో మహిళలు సుమారు నూటికి పదిహేనుమంది. ప్రపంచ సగటు అయిదు మాత్రమే. కాబట్టి ఆడపిల్ల అన్న కారణం చెప్పి మీ బిడ్డను ఆపకండి. ఆమె కన్ను, ఆమె లెక్క, మీ ఖర్చు, ఈ మూడింటినీ చూసి నిర్ణయించండి.

ఈ ప్లాటినం జూబిలీ సంవత్సరం నుండి మన పాఠశాలలో ఆరవ తరగతిలో చేరే ప్రతి బిడ్డకు రంగుల గుర్తింపుతో కూడిన కంటిపరీక్ష చేయించాలని ఉపాధ్యాయులందరం నిర్ణయించాము. ఖర్చు మా జీతాల నుండి పెడతాము. పటంలో రంగు తప్పిన పిల్లవాడిని ఇకమీదట ఈ పాఠశాలలో ఎవరూ కోప్పడరు. పూర్వ విద్యార్థులలో స్తోమత ఉన్నవారు గ్రంథాలయానికి ఇంగ్లీషు వాచకాలు, భౌతికశాస్త్ర గ్రంథాలు సమకూర్చితే కృతజ్ఞులమై ఉంటాము.

చీటీ వ్రాసిన బిడ్డ ఈ సభలోనే ఉన్నది. ఆమె తండ్రిగారు కూడా ఉన్నారు. అమ్మా, నీవు కోరినట్టే నేను ఆయనకు ఏమీ చెప్పలేదు. కాని ఇంటికి వెళ్లాక ఆయనకు నీవే చెప్పు. కోటి రూపాయల మాట ముందు ఎత్తవద్దు. "నాన్నా, నన్ను కంటి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లు" అని అడుగు. మొదటి మెట్టు అదే. మిగిలిన మెట్ల సంగతి మనమందరం కలిసి చూద్దాము.